గాలిమోటరు వస్తున్నది, జరుగుండ్రి!

సోవియట్ యూనియన్ మాకు చేసిన అన్యాయం ఒకటుంది. ఏ కామ్రేడూ ఏ తీర్మానంలోనూ దాన్ని ఇంతవరకు ప్రస్తావించలేదు. పోతూ పోతూ మాకు ఒక్క ఎయిర్‌ఫీల్డ్ కూడా వదిలిపెట్టి పోలేదు. ఎస్తోనియాకు వదిలింది, లిథువేనియాకు వదిలింది, తూర్పు జర్మనీకైతే ఎడాపెడా వదిలింది. 1994 ఆగస్టు 31న రష్యన్ దళాలు జర్మనీకి ఆఖరి సలాం కొట్టి రైలెక్కేనాటికి అక్కడి పల్లెల పక్కన కిలోమీటర్ల కొద్దీ కాంక్రీటు, ఖాళీ హ్యాంగర్లు, కిరోసిన్ ఇంకిన నేల మిగిలాయి. నల్లగొండకు గజం కాంక్రీటు లేదు. పాలమూరుకు చారెడు కిరోసిన్ లేదు, రేషన్ షాపులో దొరికింది తప్ప. ఎర్రజెండా పేరు చెబితే పళ్ళు నూరే ఎస్తోనియాకేమో బాంబర్ల స్థావరం, ఆ జెండా పట్టుకుని ఊరూరా ప్రాణాలిచ్చిన నల్లగొండకేమో స్తూపాలు.

కాంక్రీటు దొరికినవాళ్ళు దాన్ని ఏం చేసుకున్నారో చూస్తే కడుపు మండుతుంది. ఎస్తోనియాలో తార్తూ పట్నం అంచున రాడి అని ఒక స్థావరం. అణుబాంబులు మోసే పెద్ద విమానాలుండేవి. వాటికి కమాండర్‌గా పనిచేసిన జొహార్ దుదాయెవ్ తర్వాత చెచెన్యా అధ్యక్షుడై మాస్కో మీదికే తిరగబడ్డాడు. సైన్యం వెళ్ళిపోయాక ఆ రన్‌వే మీద సెకండ్‌హ్యాండ్ కార్ల సంత పెట్టారు. ఇంతవరకు మనకూ చేతనవును. కానీ 2016లో వాళ్ళు ఇంకో పని చేశారు. రన్‌వే ఆగిన చోట నుంచి పైకప్పు లేచేలా ఒక భవనం కట్టి, దాన్నే తమ జాతీయ మ్యూజియం అన్నారు. తమను అణిచిన సైన్యం వేసిన రన్‌వేను చెరిపేయకుండా, దాని కొస నుంచే తమ కథ మొదలుపెట్టుకున్నారు.

జర్మనీలో బ్రాండ్ అనే చోట ఇంకో సోవియట్ ఎయిర్‌ఫీల్డ్. దాని మీద ఒక కంపెనీ 360 మీటర్ల పొడవు, 107 మీటర్ల ఎత్తుతో మహా హ్యాంగర్ కట్టింది, గాలిఓడలు తయారుచేస్తానని. ఒక్క పెద్ద ఓడ కూడా ఎగరకముందే 2002లో దివాలా తీసింది. మలేసియావాళ్ళు కొనుక్కుని, లోపల ఇసుక పోసి, కొబ్బరిచెట్లు నాటి, 2004 చివర్లో ట్రాపికల్ ఐలండ్స్ అని బోర్డు పెట్టారు. బయట మంచు కురుస్తుంటే లోపల జనం చెడ్డీలతో ఈత కొడుతున్నారు.

మూడోది స్పెరెన్‌బెర్గ్. పదవి పోయిన తూర్పు జర్మనీ అధినేత హోనెకర్ 1991 మార్చిలో మాస్కోకు విమానమెక్కింది ఇక్కడి నుంచే. కొత్త బెర్లిన్ ఎయిర్‌పోర్టుకు ఇదే మంచి జాగా అని నిపుణులు చెబితే, నాయకులు 1996లో షోనెఫెల్డ్‌కు మొగ్గారు. 2011లో తెరవాల్సిన ఆ ఎయిర్‌పోర్టు 2020 అక్టోబరులో తెరుచుకుంది. ఈ ఒక్క విషయంలో జర్మనీవాడు అచ్చంగా మనవాడే. ఆధార్ కార్డు ఇచ్చెయ్యొచ్చు.

మాకు ఎందుకు దక్కలేదని ఆరా తీస్తే తీగ స్టాలిన్ దగ్గరికే పోయింది. 1951 మొదట్లో నలుగురు కమ్యూనిస్టు నాయకులు రహస్యంగా ఓడెక్కి మాస్కో చేరారు. అజయ్ ఘోష్, డాంగే, మనవాళ్ళు చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ దించాలా వద్దా అన్నది పేచీ. ఇద్దరు ఒక పక్క, ఇద్దరు ఇంకో పక్క. స్టాలిన్ అంతా విన్నాడు. చైనావాళ్ళ వెనక ఆసరాగా మేమున్నాం, మీ వెనక అలాంటి పొరుగుదేశం ఏది అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో విషయం తేలిపోయింది. అదే ఏడాది అక్టోబరులో పోరాటం విరమించారు.

నల్లగొండ జిల్లాకు వచ్చిన మొట్టమొదటి ఫీజిబిలిటీ రిపోర్టు స్టాలిన్‌దే. సర్వే రాళ్ళు లేవు, డ్రోన్లు లేవు, కన్సల్టెన్సీ ఫీజు లేదు. మాస్కోలో కూర్చుని మా భూగోళం చూసి ‘సాధ్యం కాదు’ అని తేల్చాడు. ఆ తర్వాత వచ్చిన రిపోర్టులన్నీ దీనికి జిరాక్సులే. కాకపోతే స్టాలిన్ ఒక్క రోజులో చెప్పిన ముక్క చెప్పడానికి ఇప్పటివాళ్ళకు పదేళ్ళు, పవర్‌పాయింట్ కావాలి.

1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచాడు. నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నాడు, దేశం మొత్తానికి మొదటివాడు. ఓట్లను బట్టి విమానాలు దిగేటట్టయితే ఆ ఏడాదే మా ఊరి చెరువుగట్టు మీద దిగాల్సింది. దిగలేదు. ఓటుకూ రన్‌వేకూ మధ్య దూరం ఎంతో మా జిల్లాకు అప్పుడే తెలిసింది. నాయకులకు కూడా అప్పుడే తెలిసినట్టుంది, ఎందుకంటే ఆనాటి నుంచి ఆ దూరాన్ని వాళ్ళు జాగ్రత్తగా కాపాడుకుంటూ వస్తున్నారు.

సోవియట్‌ది లేదు గనక నిజాంది చూసుకుని తృప్తిపడాలి. అదీ మా జిల్లాల్లో లేదు, పక్కింటి వరంగల్‌లో ఉంది. మామునూరు. 1930లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో మొదలైంది. దానికి 1,875 ఎకరాలని, 6.6 కిలోమీటర్ల రన్‌వే అని పేపర్లలో ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. వేసవి సెలవుల్లో ఒకసారి, బడ్జెట్ ముందు ఒకసారి, ఎన్నికలకు ముందు మిగిలినన్ని సార్లు. ఈ 6.6 దగ్గర నేను కొంచెం ఆగుతాను. మాస్కో పక్కన జుకోవ్‌స్కీలో సోవియట్‌వాళ్ళు తమ కొత్త విమానాలను పరీక్షించడానికి వేసిన రన్‌వే సుమారు 5.4 కిలోమీటర్లు, యూరప్‌లోనే పొడుగైంది. అంతరిక్షం నుంచి బురాన్ రోదసీ నౌక వచ్చి వాలడానికి బైకనూర్‌లో వేసింది నాలుగున్నర. అంటే డకోటాలు కూడా పుట్టని రోజుల్లో, గుడ్డ రెక్కల విమానాలు దిగడానికి నిజాం ప్రభువు రోదసీ నౌకకు సరిపోయి, ఇంకా రెండు కిలోమీటర్లు మిగిలేంత రన్‌వే వేయించాడన్నమాట! ప్రభువుల పిసినారితనం గురించి జనం చెప్పుకున్న కథలన్నీ ఈ దెబ్బతో అబద్ధమైపోయాయి. ఇప్పుడు నేల మీద కొలిస్తే దొరికేది రెండు కిలోమీటర్లకు లోపే. మిగిలిన నాలుగున్నర పైచిలుకు ఎవరు మింగారో భూ రికార్డుల్లో వెతకాలి.

అయితే ఎయిర్‌ఫీల్డ్ అన్నాక దాని పని అది చేసింది. 1948లో భారత ప్రభుత్వం హైదరాబాదు సంస్థానానికి రాకపోకలు బిగించినప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియావాడు రంగంలోకి దిగాడు. మొదటి ప్రపంచయుద్ధంలో పైలట్లకు చలి ఆగే సూటు కనిపెట్టినవాడు, రెండోదానికి ముందు వ్యాపారి వేషంలో జర్మనీ మీద ఎగిరి దొంగచాటుగా ఫొటోలు తీసినవాడు. కరాచీలో లాంకాస్ట్రియన్ విమానాల నిండా ఆయుధాలు కుక్కి, రాత్రి పూట బీదర్‌లో, వరంగల్‌లో దింపాడు. ఏ శాఖ అనుమతీ లేదు, పర్యావరణ విచారణ లేదు, ప్రజాభిప్రాయ సేకరణ లేదు. తెలంగాణలో చెప్పిన రాత్రికి చెప్పిన చోట విమానం దిగిన సర్వీసు అదొక్కటే కావచ్చు. పాపం, ఆ ఘనకార్యానికి ఇంగ్లండు కోర్టు అతనికి 200 పౌండ్లు జరిమానా వేసింది. అదే పని సక్రమంగా దరఖాస్తు పెట్టుకుని చేద్దామనుకుంటే అతని మనవడు ఇప్పటికీ సచివాలయం లిఫ్టు ముందు నిలబడి ఉండేవాడు.

ఆ ఆయుధాలు ఎవరి మీదికి పోయాయో మా ఊళ్ళను అడగాలి. రజాకార్లు కాల్చిన ఇళ్ళకు లెక్క రాసినవాడు లేడు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. భారత వైమానిక దళం సంస్థానం ఎయిర్‌ఫీల్డ్‌ల మీద బాంబులు వేసింది. తూర్పు నుంచి వచ్చిన దళం బెజవాడ రోడ్డున కోదాడ, మునగాల, సూర్యాపేట, నార్కట్‌పల్లి మీదుగా నడిచింది. సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను నిజాం సైన్యం పేల్చేసి పారిపోయింది. పేల్చినవాళ్ళు దానికి కాపలా పెట్టడం మరిచారు. ఇవతలివాళ్ళు వెంటనే బాగుచేసుకుని దాటేశారు. ఇప్పుడైతే అదే వంతెన మరమ్మతుకు ముందు టెండరు పిలిచి, రద్దుచేసి, మళ్ళీ పిలవాలి. సూర్యాపేట మీదికి ఆ రోజుల్లో విమానాలు వచ్చిన మాట నిజమే. దిగడానికి రాలేదు, వేయడానికి వచ్చాయి. మా జిల్లాకు ప్రభుత్వ విమానయాన సేవలు అంత సమృద్ధిగా అందింది అదే మొదటిసారి.

ఐదు రోజుల్లో సంస్థానం లొంగిపోయింది. మామునూరు మిగిలింది. ఎయిర్‌ఫీల్డ్‌గా 1981 దాకా ఏదో ఒక పనికి వచ్చింది. తర్వాత మూసేశారు. చుట్టూ పోలీసు బెటాలియన్ వచ్చింది, పోలీసు శిక్షణ కళాశాల వచ్చింది, పశువైద్య కళాశాల వచ్చింది. వచ్చినవన్నీ మంచివే, విమానం ఒక్కటే రాలేదు. పేపర్లలో 1,875 ఎకరాలున్న భూమి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో 696 ఎకరాలుగా తేలింది. ఆ 696 చాలదట. ఇంకో 253 ఎకరాలు కావాలట. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం అందుకోసం 205 కోట్లు మంజూరు చేసింది. అంటే రాజు ఇచ్చిన భూమిని ప్రజాస్వామ్యం పంచేసి, పంచగా చాలనిదాన్ని రైతు దగ్గర కొంటున్నది. నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి రైతులు మా ధర సంగతేమిటి, మా దారి సంగతేమిటి అని అడిగితే అభివృద్ధి నిరోధకులు. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం ఆమోదం తెలిపిందని వార్త వచ్చింది. తెల్లారేసరికి ఘనత మాదంటే మాదని పార్టీలు పోటీపడ్డాయి. ఫ్లెక్సీలు లేచాయి. ఫ్లెక్సీల మీద విమానాలు టేకాఫ్ తీసుకున్నాయి. మామునూరు చరిత్రలో ఒకే రోజు అన్ని విమానాలు కనిపించడం 1948 తర్వాత మళ్ళీ ఇదే.

కేంద్రం ఆమోదించడానికి ముందు ఇంకొకరు ఆమోదించాల్సి వచ్చింది. ఆ సంగతి చెప్పకపోతే మా పాలమూరు, నల్లగొండల జాతకం అర్థం కాదు. 2004లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు కోసం జీఎంఆర్ కంపెనీతో చేసుకున్న ఒప్పందంలో ఒక నిబంధన పెట్టారు. ఎయిర్‌పోర్టు తెరిచిన నాటి నుంచి 25 ఏళ్ళ దాకా, చుట్టూ 150 కిలోమీటర్ల వాయుదూరంలో ఇంకో పౌర విమానాశ్రయం లేవకూడదు. శంషాబాద్ 2008 మార్చిలో తెరుచుకుంది. అంటే 2033 వరకు. మామునూరు ఆ గీత లోపలే పడింది కనుక, రాష్ట్ర ప్రభుత్వమూ కేంద్ర ప్రభుత్వమూ కలిసి, ఒక ఊళ్ళో విమానం దింపుకోవడానికి కంపెనీ నుంచి ‘మాకు అభ్యంతరం లేదు’ అనే కాగితం తెచ్చుకోవాల్సి వచ్చింది.

కంపాస్ బాక్సు ఉన్న పిల్లాడిని పిలిచి ఒక పని చెప్పండి. శంషాబాద్ మీద ముల్లు గుచ్చి, 150 కిలోమీటర్లు చాచి సున్న చుట్టమనండి. మహబూబ్‌నగర్ లోపల. నారాయణపేట లోపల. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల లోపల. నల్లగొండ లోపల. మిర్యాలగూడ, సాగర్, సూర్యాపేట లోపల. సున్న దాటి బయటపడేవి కోదాడ, హుజూర్‌నగర్. అలంపురం గీత అంచున, జోగులాంబ దయతో, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి నిలబడింది. అమ్మవారు అటు చూస్తే తుంగభద్ర అవతల ఓర్వకల్లులో 2021లోనే ఎయిర్‌పోర్టు తెరిచారు. పూర్వం దొరల గడీలకు కాపలా గీతలుండేవి, ఆ దారిలో చెప్పులు చేతిలో పట్టుకుని నడవాలి. ఈ గీత ఇంకాస్త ఉదారమైంది. చెప్పులేసుకుని ఎంత దూరమైనా నడవొచ్చు, ఎగరడానికే వీల్లేదు.

చెప్పుల మాట వచ్చింది గనక. 2016లో ఉడాన్ పథకం తెచ్చారు. హవాయి చెప్పులేసుకునేవాడు కూడా హవాయి జహాజ్ ఎక్కాలన్నది ప్రధాని మాట. మంచి మాట. 2017 ఏప్రిల్ 27న పథకం కింద తొలి విమానాలు లేచాయి. వాటిల్లో కడప–హైదరాబాద్ విమానం ఒకటి. మ్యాప్ మీద స్కేలు పెట్టి చూస్తే అది పాలమూరు జిల్లా నెత్తి మీంచే పోవాలి. నాగర్‌కర్నూల్ చేలల్లో హవాయి చెప్పులవాళ్ళు తల ఎత్తి చూసి ఉంటారు. పథకం మా దాకా వచ్చిందనడానికి ఇంతకన్నా ఋజువు ఏముంది? ముప్పై వేల అడుగులో పదిహేను వేల అడుగులో తేడా ఉంటే ఉండొచ్చు గాక.

మాకు నేల మీద వీలుపడకపోతే నీళ్ళ మీద దింపుతామన్నారు. 2019 జనవరిలో ఉడాన్ మూడో విడత జాబితా చూడండి. నీళ్ళ మీద విమానాలు దిగే చోట్లు ఆరు. సబర్మతి తీరం, పటేల్ విగ్రహం, గువాహటి నదీతీరం, శత్రుంజయ, ఉమ్రాంగ్సో, ఆ సరసన మా నాగార్జునసాగర్! నల్లగొండ జిల్లా జనం ఆనందబాష్పాలు ఆపుకోలేకపోయారు. ఆ బాష్పాల్లోనూ ఫ్లోరైడ్ ఉండి ఉంటుంది. తాగేనీళ్ళలోని ఆ విషం తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతిని నాగపూర్ నీరీ శాస్త్రజ్ఞులు 1970ల్లో రూపొందిస్తే ప్రపంచమంతా దాన్ని నల్గొండ టెక్నిక్ అంటుంది. వంకర తిరిగిన ఎముకలతో జిల్లా సంపాదించిన అంతర్జాతీయ కీర్తి అది. ఇప్పుడు నీళ్ళతో రెండో కీర్తి రాబోతున్నదని మురిశాం. సాగర్ అడుగున ఇక్ష్వాకుల విజయపురి మునిగి ఉంది. పదిహేడు వందల ఏళ్ళు దాటిన రాజధాని మీద ల్యాండింగ్ ఏ దేశానికి దక్కుతుంది?

ఆ ఆరింటిలో ముందుగా లేచింది సబర్మతి విమానమే, 2020 అక్టోబరు 31న. మాల్దీవుల నుంచి అద్దెకు తెచ్చిన విమానం. మరమ్మతులకు మళ్ళీ మాల్దీవులకే పోయేది. 2021 ఏప్రిల్‌కు ఆగిపోయింది. దేశమేలేవారి సొంత గడ్డ మీది నీటివిమానం గతే అదైతే, సాగర్‌ది ఏమై ఉంటుందో చెప్పాల్సిన పనిలేదు. దిగలేదు. రోజువారీ సర్వీసు అన్న మాటే లేదు. సాగర్‌కు ఎయిర్‌స్ట్రిప్ ఒకటి ఉన్నది కదా అంటారా? ఉంది, కృష్ణకు అవతలి ఒడ్డున. 2014 తర్వాత అది వేరే రాష్ట్రం.

2024 నవంబరులో విజయవాడ నుంచి నీటివిమానం వచ్చి శ్రీశైలం జలాశయం మీద వాలింది. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అందులో వచ్చారు. ప్రదర్శన విమానం, ఒకరోజు ముచ్చట. ఇవతలి ఒడ్డు మాది. అది వాలిన నీళ్ళ కింద ఏముందో టీవీలు చెప్పలేదు. పాలమూరు, కర్నూలు జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊళ్ళు ఉన్నాయి ఆ నీళ్ళ కింద. 1981లో వాటిని ఖాళీ చేయించిన తీరుకు అధికారులు పెట్టుకున్న పేరు ఆపరేషన్ డిమాలిషన్. పేరులోనే నిజాయితీ ఉంది, అందుకు మెచ్చుకోవాలి. పోలీసులు, బుల్డోజర్లు వచ్చి ఇళ్ళు కూల్చాయి. ఇంటికో ఉద్యోగం ఇస్తామని 1986లో జీవో 98 ఇచ్చారు. ఆ జీవో పట్టుకుని తిరిగిన పిల్లలకు పిల్లలు పుట్టి, వాళ్ళూ ఆ జీవోనే పట్టుకుని తిరుగుతున్నారు. తాత ఇల్లు ఏ లోతున ఉందో వాళ్ళకు తెలుసు. దాని మీద రన్‌వే గీస్తున్నారని తెలిస్తే కనీసం ఒక విండో సీటు ఇవ్వమని అడగొచ్చు. ముంపు కోటా అని ఒకటి పెడితే పోయేదేముంది? అడుగున ఇల్లున్నవాడికి పైన పది శాతం రాయితీ.

సోవియట్‌వాడు ఎస్తోనియా భూమి లాక్కుని బాంబర్లు పెట్టాడు. అందులో దాపరికం లేదు. ఫలానా తేదీకి ఎయిర్‌ఫీల్డ్ కావాలన్నాడు, లాక్కున్నాడు, కట్టాడు, వాడాడు, పోయాడు. మనవాళ్ళ పద్ధతి నాజూకైంది. ముందు ప్రకటిస్తారు. ప్రకటించగానే చుట్టుపక్కల భూములు చేతులు మారతాయి. వెంచర్ల బ్రోచర్లలో ‘ప్రతిపాదిత ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు’ అని అచ్చవుతుంది. సర్వే బృందం వస్తుంది, పోతుంది. రిపోర్టు వస్తుంది, పోతుంది. ఎయిర్‌పోర్టు రాదు, అయినా రావాల్సిన వాళ్ళకు రావాల్సింది వచ్చేస్తుంది. విమానం దిగితే నష్టం కూడానూ. దిగిన విమానానికి లాభనష్టాల లెక్క ఉంటుంది, దిగని విమానానికి ఎన్నిసార్లైనా హారతి పట్టొచ్చు.

పాలమూరు వంతు గుడిబండ. రాష్ట్ర ప్రభుత్వం ఆరు చోట్ల ఎయిర్‌పోర్టులు కావాలని ఎంచుకుంది. మామునూరు, బసంత్‌నగర్, ఆదిలాబాద్, జక్రాన్‌పల్లి, పాల్వంచ, వాటితో పాటు మహబూబ్‌నగర్ జిల్లాలో గుడిబండ. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అన్నిటినీ చూసింది, రిపోర్టులిచ్చింది. ఈ జిల్లా మనుషులు ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోశారు, పాలమూరు లేబర్ అంటే దేశంలో తెలియని కాంట్రాక్టరు లేడు. ఇన్నాళ్ళూ వలస పోనీకె వాళ్ళకున్న అంతర్జాతీయ టెర్మినల్ బొంబాయి బస్సు ఆగే చౌరస్తా. చెక్-ఇన్ లగేజీ సద్దిమూట. అలాంటి జిల్లాకు ఎయిర్‌పోర్టు అంటే ఎవరు కాదంటారు?

ఎక్కడో ఒక చెలకలో సర్వేవాళ్ళకూ ఒక ముసలాయనకూ ఇలా మాటలు నడిచి ఉంటాయని నా ఊహ. రికార్డు లేదు. ఈ జిల్లాల్లో కాలువకో కంపెనీకో భూమి పోగొట్టుకున్నవాళ్ళకు రికార్డు అక్కరలేదు కూడా.

“సారూ, గీ జెండలు ఎందుకు పాతుతున్నరు?”

“ఎయిర్‌పోర్టు వస్తది తాతా.”

“గాలిమోటరా! గీడికా?”

“ఇంకా ఖాయం గాలే. వస్తదా రాదా చూడనీకె వచ్చినం.”

“మా పిలగాండ్లు బొంబాయిల ఉన్నరు. గాలిమోటరు బొంబాయికి పోతదా?”

“పోవచ్చు.”

“దసరకు రానీకె మంచిగైతది. టికెట్ ఎంత?”

సారు ఫోన్‌లో ఏదో వెతికి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“భూమికి పైసలు ఎప్పుడిస్తరు?”

“ముందు రిపోర్టు పోవాలె. ఢిల్లీల చూడాలె. కంపెనీ ఒప్పుకోవాలె. తర్వాత నోటిఫికేషన్.”

“అప్పటిదాక అమ్ముకోవచ్చునా?”

“ఎవరు కొంటరు తాతా, ఎయిర్‌పోర్టులో పోయే భూమి!”

“పక్కపొంటి భూమి కొన్నరు గద, పట్నం నుంచి కార్లల్ల వచ్చి.”

“అది పోదు. అందుకే కొన్నరు.”

“వాళ్ళకు ఏది పోతదో ఏది పోదో ఎట్ల తెల్సె సారూ? నువ్వేమో ఇయ్యాలనే జెండ పాతవడ్తివి.”

సారుకు ఎవరో ఫోన్ చేశారు. లేకపోయినా చేసినట్టే చెవి దగ్గర పెట్టుకున్నాడు. ముసలాయన జెండా కర్రను ఊపి చూశాడు. గట్టిగానే ఉంది.

“సరే. వాన వడ్డది, జొన్నేసుకోవాలె. ఏసుకోవచ్చునా?”

“ఏసుకో తాతా. కానీ ఎక్కువ ఖర్చు పెట్టకు.”

“గాలిమోటరు దిగనీకె ఎన్ని పంటలు పడ్తది?”

“నేనెట్ల చెప్పాలె?”

“మా నాయిన గిట్లనే కాలువ జెండకు ఎదురుచూసిండు. నాకు అరవై దాటినయ్. జెండ ఉండనీ సారూ, పిట్టలు బెదురుతయి.”